పన్నెండు షాఫ్టులు

పోయిన వారం మనం గోపికను ఆగిపోయిన మిషిను ముందర, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. పాపం, ఆమె అలా నిలబడటం అది పదహారోసారి. సూర్యాపేట ఖమ్మం రోడ్డులో కాటయ్య లేతు షెడ్డంటే తెలియని ట్రాక్టరు లేదు. అలాంటి షెడ్డులోకి కంప్యూటరుతో నడిచే లేతును తెచ్చింది గోపికే. కోదాడలో ఓ ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు పనికిరాదని మూలకు నెట్టేసిన మిషినది. చచ్చిపోయిన కంట్రోలు పెట్టెను పీకి పారేసి, ఆ జాగాలో ఒక పాత కంప్యూటరు కూర్చోబెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల లైనక్స్ సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి, తీగ తీగా తనే కలుపుకుంది. ఎనిమిది నెలలు బంగారంలా నడిచింది. ఈ మూడు వారాల్లోనే దానికేం మాయరోగం పట్టిందో, ఇనుము కోస్తూ కోస్తూ ఠక్కున ఆగిపోతోంది. తెర మీద ఎర్రక్షరాలు: లిమిట్ స్విచ్ తగిలింది అని. పనిముట్టు హద్దు దాటిపోకుండా కాపలా కాసే స్విచ్చి అది. తగిలిందా అంటే ఏమీ తగలదు, పనిముట్టు జానెడు దూరంలో బుద్ధిగా కూర్చుని ఉంటుంది.

షెడ్డు పెద్ద కాటయ్య ఏమన్నాడో కూడా విన్నాం. "మిల్లోళ్ల ముంగట ఇంకొక్కపారి ఆగిందంటే, బిడ్డా, దాన్ని తూకానికేస్త. మళ్ల నన్నేం అడగకు."

ఆ మిల్లువాళ్లు రానే వచ్చారు.

వచ్చింది మంగయ్య. మిర్యాలగూడలో మూడు రైస్ మిల్లులకు పెద్ద ఫిట్టరు. ఏ మిల్లులో ఏ బేరింగు మూలుగుతోందో గోడ అవతల నుంచే చెప్పగలడని పేరు. తొమ్మిదింటికల్లా ట్రాలీ ఆటో దిగి, కొత్తగా పోసిన సిమెంటు ఫ్లోరు మీద చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికొచ్చాడు.

"అబ్బో, కాటన్నా! షెడ్డు పెండ్లింటి లెక్క చేసినవ్ గదా" అన్నాడు.

"మీరొస్తే బురదల నిలబెడ్తనా" అని కాటయ్య ముక్తసరిగా నవ్వాడు. నవ్వు కళ్లదాకా పోలేదు.

ఒప్పందం సూటిగా ఉంది. వానాకాలం వడ్లు దిగుతున్నాయి, మిల్లుల ముందు లారీలు బారులు తీరాయి. బియ్యం పాలిషరులో తిరిగే ఇనుప ఇరుసులు, అంటే షాఫ్టులు, పన్నెండు, మంగయ్య కళ్ల ముందే, వరసగా, కొలత తప్పకుండా రావాలి. వస్తే ఈ సీజను మూడు మిల్లుల పనీ ఈ షెడ్డుదే. రాకపోతే పని హైదరాబాదు పోతుంది, మిషిను పాత సామానోడి బండెక్కుతుంది, గోపిక పదేళ్ల కింద ఎక్కడ మొదలుపెట్టిందో మళ్లీ అక్కడికే, కాటయ్య చేతి లేతు పక్కకు వచ్చి నిలబడుతుంది. ఆమెకు ఆ చేతి లేతంటే చులకన లేదు. పని నేర్పిందే అది. కానీ తీగ తీగా కలిపి బతికించుకున్నదాన్ని తూకం వేస్తుంటే చూస్తూ ఉండే రకం కాదామె.

మొదటి షాఫ్టు పన్నెండు నిమిషాల్లో దిగింది. మంగయ్య మైక్రోమీటరు పెట్టి బేరింగు కూర్చునే చోటు కొలిచి, పెదవి విరవకుండా పక్కన పెట్టాడు. ఆయన దగ్గర అదే పెద్ద మెప్పు. రెండోదీ దిగింది. మూడోది సగం కోతలో ఉండగా పక్క షట్టర్లో కారం పట్టే గిర్ని మొదలైంది. ఘాటు గుప్పున కొట్టింది. మంగయ్య తుమ్మాడు, మూలన చీపురు పట్టిన సైదమ్మ తుమ్మింది, ఆ వెంటనే మిషిను కూడా తుమ్మినట్టు ఓసారి జెర్కిచ్చి ఆగిపోయింది.

ఎర్రక్షరాలు.

కాటయ్య తువ్వాలతో మెడ తుడుచుకుని చేతి లేతు వైపు నడిచాడు. గోపికకు ఒళ్లు మండిపోయింది. కాటయ్య మీద కాదు, తన మీద. స్విచ్చులు మార్చింది, తీగలు మార్చింది, కంప్యూటరు పవర్ సప్లై మార్చింది, ఇంకా మార్చాల్సింది తన తలకాయే!

"మంగన్నా, ట్రాలీ ఎప్పుడు కదలాలె?" అంది.

"మూడున్నరకు. సాయంత్రం బిగించుకోవాలె, పొద్దుగాల మిల్లు నడవాలె."

"మూడున్నరకు పన్నెండూ ఎక్కిస్త. కూసో, చాయ తాగు."

అనేసింది గానీ, ఎలా ఎక్కిస్తుందో ఆ క్షణాన ఆమెకే తెలియదు.

కోదాడకు ఫోను కొట్టింది. కాలేజీ ల్యాబులో పనిచేసే సత్యానందం సారే ఆ మిషినును తుక్కులో పోనివ్వకుండా ఆమెకు ఇప్పించాడు. ఆయన అంతా విని అన్నాడు: "అమ్మా, ఊహలు కట్టిపెట్టు. ఆ స్విచ్చి సిగ్నలుని తెర మీద గీతలాగా పెట్టి చూడు. మనిషికి గుండె పరీక్ష చేసినట్టే. అప్పుడు తెలుస్తుంది జబ్బు స్విచ్చిదో, బయటిదో."

పెట్టింది. ఆ సాఫ్ట్‌వేరులో అందుకో కిటికీ ఉంది. తెర మీద గీత చదునుగా, నిద్రపోతున్నట్టు సాగుతోంది. గోపిక పక్క షట్టరుకు పోయి గిర్ని ఆపించి మళ్లీ వేయించింది. మోటారు గుర్రుమన్న మరుక్షణం గీతలోంచి ఒక ముల్లు లేచింది. సూదిమొన అంత సన్నటి ముల్లు. ఆపించి, వేయించింది. మళ్లీ ముల్లు. గిర్ని ఆమె "పో తల్లీ, నా మిరపకాయలు ఆగమైతున్నయ్" అని కసిరేదాకా నాలుగుసార్లు చూసింది.

దొరికింది దొంగ! గిర్ని మోటారు లేచినప్పుడు పుట్టే చిల్లర కరెంటు తన తీగల్లోకి దూరి, స్విచ్చి తగిలిందని కంప్యూటరుకు అబద్ధం చెబుతోంది.

అయితే గిర్ని ఈ మూడు వారాల్లో పెట్టింది కాదే! ఆరేళ్లుగా అక్కడే ఉంది. ఎనిమిది నెలలు లేని జబ్బు ఇప్పుడెందుకు వచ్చింది?

ఇంకో దారీ ఉంది. సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని ముళ్లను పట్టించుకోవద్దని కంప్యూటరుకు ఒక్క లైను రాసి పెట్టొచ్చు. రెండు నిమిషాల పని. గోపిక వేళ్లు కీబోర్డు మీదకు పోయాయి కూడా. అంతలోనే వెనక్కి తీసుకుంది. ఆ ముల్లు స్విచ్చి తీగలోకి వస్తే కొలత లెక్కపెట్టే తీగలోకి రాదని ఏముంది? ఇవాళ పన్నెండు దిగుతాయి, రేపు కొలత జారుతుంది. కప్పిపుచ్చే పని తనకొద్దనుకుంది.

మిషిను ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ రాసుకున్న చిన్న పుస్తకం తీసి తిరగేసింది. మొట్టమొదటిసారి ఆగింది మొన్నటి పదకొండో తారీఖు. ఆ ముందు రోజు ఏమైంది? కిందకు చూసుకుంది. కాళ్ల కింద నున్నటి సిమెంటు. తిరుమలగిరి సుతారి వచ్చి ఫ్లోరు పోసింది పదో తారీఖున.

"సైదమ్మక్కా!" అని కేకేసింది.

సైదమ్మ ఆ షెడ్డు ఊడ్చి, నీళ్లు పట్టి, చాయ్ కాచే మనిషి. పన్నెండేళ్లుగా ఉంది. ఆమె భర్త మిర్యాలగూడలో మిల్లు పనిలో ఉండగా పోయాడు. ఎవరన్నా అడిగితే దాచుకోదు. "తాగి మిషిన్ల చెయ్యి పెట్టిండట. ఏం జెప్పుకునేది?" అని తల దించుకుని తన పని తాను చేసుకుంటుంది. ఆమె చేసే పనుల్లో ఒకటి, షెడ్డు ముందు మూలన ఉన్న ఎర్తు గుంటలో రోజూ పొద్దున్నే బిందెడు నీళ్లు పోయడం. కరెంటులో చెడుదంతా భూమిలోకి దిగిపోయే దారి ఆ గుంట. ఉప్పూ బొగ్గూ వేసి, రాగి పట్టీ పాతి, తడి ఆరకుండా ఉంచాలి. సైదమ్మ స్నానం చేసి వచ్చి, దేవుడికి పోసినంత నిష్ఠగా పోసేది.

"అక్కా, ఎర్తు గుంటల నీళ్లు పోస్తున్నవా?"

"యాడ పొయ్యాలె బిడ్డా? గుంటే లేకపాయె. ఫ్లోరు కిందికి పాయె. పక్కల పోద్దామంటే కొత్త ఫ్లోరు మరకలైతదని కాటన్న ఒద్దన్నడు."

గోపిక నుదుటి మీద చరుచుకుంది. మూడు వారాలు తెర వంక చూసింది గానీ కాళ్ల కిందికి చూసుకోలేదు! మూలకు పోయి గడ్డపార తీసింది.

చేతి లేతు దగ్గరి నుంచి కాటయ్య ఒక్క ఉదుటున వచ్చాడు. "ఏం జేస్తున్నవ్?"

"ఫ్లోరు పగలగొడ్తున్న, మామా. గుంట ఎండిపోయింది."

"నిన్నగాక మొన్న పోసిన ఫ్లోరు! మనిషివేనా? మిల్లాయన ముంగట ఇజ్జత్ తీస్తవా?"

"మిల్లాయన ముంగట మిషిను ఆగితే ఇజ్జత్ ఉంటదా?"

"గోపికా, నామాట ఇను. గడ్డపార కింద పెట్టు. ఆ షాఫ్టులు నేను జేస్త. చేతి లేతు మీద రెండు దినాలల్ల చేసిస్త. మంగయ్యా, రెండు దినాలాగు."

"లారీలు ఆగుతయా అన్నా?" అన్నాడు మంగయ్య చాయ్ ఊదుకుంటూ. ఆయనకిదంతా తమాషాగా ఉంది.

కాటయ్య ఫ్లోరు మూలకు అడ్డంగా నిలబడ్డాడు. ఇరవై ఏళ్ల కింద కట్టిన ఈ షెడ్డు గోడకు పగులొస్తేనే పట్టించుకోని మనిషి, బెత్తెడు సిమెంటు కోసం ఇంత రగడేమిటని గోపికకు అనిపించకపోలేదు. అయినా నిలిచి ఆలోచించే తీరిక లేదు.

"మామా, నువ్వే అన్నవ్ ఇంకొక్కపారి ఆగితే తూకానికేస్త అని. ఆగకుండ చేసుకునే హక్కు నాకుండాలె గదా? ఫ్లోరు నేను పోయిస్త. నా చేతులతోటి పోస్త. జరుగు."

జరగలేదు. ఆమె కూడా జరగలేదు. చివరికి సైదమ్మే బిందె పట్టుకుని మధ్యలోకి వచ్చి, "జరుగన్నా, పిల్ల మూడు వారాల సంది అన్నం సరిగ్గ తింటలేదు" అంది. ఎందుకో గానీ సైదమ్మ మాటకు కాటయ్య ఎప్పుడూ ఎదురు చెప్పడు. పక్కకు తప్పుకున్నాడు.

పార పోటుకు సిమెంటు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద గుంట అప్పడంలా ఎండి ఉంది. చేత్తో మట్టి తోడింది. రాగి పట్టీ తగిలింది. పట్టుకుని లాగి చూసింది. పట్టీ చేతిలోకి వచ్చేసింది.

ఎండితే సరే, ఊడి రావడమేమిటి? గోపిక మోకాళ్ల మీద వంగి చూసింది. పట్టీ తుప్పు పట్టి తెగలేదు. పార తగిలి తెగలేదు. రంపం పెట్టి కోసి ఉంది. కోత ఇంకా మెరుస్తోంది. అంచు మీద బొటనవేలు ఆడించింది. గరుకు లేదు. ఆకురాయితో మూడుసార్లు నున్నగా దిద్ది ఉంది.

పట్టీ కొసను వెలుతురుకు తిప్పి మళ్లీ చూసింది.

ఇనుము కోసినా, రాగి కోసినా అంచుకు మూడుసార్లు ఆకురాయి పెట్టకుండా కింద పెట్టకూడదని ఆమెకు నేర్పింది కాటయ్య. "ఎవరి చేతికన్న గీసుకుంటది" అనేవాడు. మట్టిలో పూడ్చేసే పట్టీకి కూడా ఆకురాయి పెట్టే చేతులు సూర్యాపేట మొత్తంలో రెండే. ఒకటి తనది.

తలెత్తి చూసింది. కాటయ్య అటు తిరిగి నిలబడి ఉన్నాడు. వీపు మాత్రమే కనబడుతోంది.

పదేళ్లు అన్నం పెట్టిన మనిషి! అడగాలని నోటిదాకా వచ్చింది. అరవాలని కూడా వచ్చింది. మంగయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు. అరిస్తే షెడ్డు పేరు మిర్యాలగూడ దాకా పోతుంది. గోపిక ఆ కోత ఉన్న కొసను వేలెడంత తెంపి చొక్కా జేబులో వేసుకుంది. ముందు పని, తర్వాత మనిషి అనుకుంది. పట్టీ రెండు కొసలకూ రంధ్రాలు వేసి, దళసరి రాగి తీగతో బోల్టులు బిగించింది. సైదమ్మ ఉప్పు తెచ్చి చల్లి బిందెడు నీళ్లు పోసింది. గుంట గటగటా తాగింది. ఇంకో రెండు బిందెలు పోసింది.

"గిర్ని వెయ్యమని చెప్పు అక్కా."

గిర్ని గుర్రుమంది. తెర మీద గీత చదునుగా అలాగే సాగింది. ముల్లు లేదు. గోపిక కళ్లలో నీళ్లు తిరిగాయి, కారం ఘాటు వల్లనని అనుకుంటే అనుకోండి.

పన్నెండు గంటల వేళ మళ్లీ మొదలుపెట్టింది. ఆగిన మూడోదాన్ని పక్కన పడేసి కొత్త కడ్డీ ఎక్కించింది. మూడు, నాలుగు, అయిదు. గిర్ని ఆగింది, లేచింది, మళ్లీ లేచింది. మిషినుకు చీమ కుట్టినట్టయినా లేదు. గీసిన కాయితంలో ఎలా ఉందో అలాగే కోసుకుంటూ పోయింది. రెండింపావుకు పన్నెండోది దిగింది. మంగయ్య పన్నెండూ కొలిచాడు, పన్నెండింటికీ తలాడించాడు.

"చెల్లె, నీ చెయ్యి మంచిది" అన్నాడు. తర్వాత మిషిను వంక చూసి, "దీనిది గూడ" అన్నాడు. సీజను పని మొత్తం మీదేనని మాటిచ్చి, షాఫ్టులు గోనెసంచుల్లో చుట్టించి, మూడు కాకముందే ట్రాలీ ఎక్కేశాడు.

కాటయ్య పొద్దుటి నుంచి ఒక్క షాఫ్టు కూడా చేతిలోకి తీసుకోలేదు. ఇప్పుడు మాత్రం, ట్రాలీ పోయిన దారినే చూస్తూ నిలబడ్డాడు.

గోపిక జేబులోంచి పట్టీ ముక్క తీసి చేతి లేతు మీద పెట్టింది.

"అంచు సూడు, మామా."

చూడలేదు. చూడకుండానే, "నేనే కోసిన" అన్నాడు.

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "ఎందుకు? నా మిషిను మీద నీకు కుళ్లా? నేను ముంగటికి పోతే నీకు నష్టమా? మొకం మీద చెప్పరాదా, సప్పుడు గాకుండ గోతిల కోస్తవా? పదిహేడుసార్లు, మామా! పదిహేడుసార్లు నన్ను నేను తిట్టుకున్న!"

"నీ మిషిను మీద కుళ్లు లేదు బిడ్డా." కాటయ్య పక్కకు తీసి పెట్టిన సగం కోసిన మూడో షాఫ్టును ఎత్తి ఆమె చేతికిచ్చాడు. "లావు కాంచి సన్నం అయ్యే కాడ మూల సూడు. గోటితోటి సూడు."

చూసింది. నిటారుగా, కత్తితో కోసినట్టు ఉంది మూల. కాయితంలోనూ అలాగే ఉంది.

"కాయితంల ఎట్లుంటే అట్ల కోసింది నీది. పన్నెండేండ్ల కింద నేను గూడ గట్లనే కోసిచ్చిన. మిర్యాలగూడల ఒక మిల్లుకు. మూల అట్ల పదునుగ ఉంటే ఆణ్నే పగులు మొదలైతది, పైకి కనవడది. ఆర్నెల్లకు తిరుగుతుంటే తిరుగుతుంటే విరిగి ఎగిరింది. ఎదురుంగ ఒక మనిషి ఉన్నడు."

గోపిక చేతిలో షాఫ్టు బరువెక్కింది.

"ఆ మూల జర గుండ్రంగ ఉంటే విరగకపోను. అప్పట్నుంచి పనిముట్లన్నీ నేనే సానబడ్త, కొన గుండ్రం జేస్త. నిన్ను గూడ ముట్టనియ్యలే. నీ మిషినుకు బజారు పనిముట్లాయె, అవి నా చేతికి రావు. ముట్టనిస్తే ఎందుకని అడుగుతవని. మూడు వారాల కింద ఈ షాఫ్టులు ఒప్పుకున్నప్పుడు చెప్పాలనే అనుకున్న. మూల గుండ్రం చెయ్యమంటే, నువ్వు ఎందుకని అడగకుండ ఉండే పిల్లవా? నోరు రాలే. మిషిను ఆగితే పని నా చేతికొస్తది, నేను సక్కగ చేసిస్త అనుకున్న."

"చెప్తే ఏమైతుండె మామా?"

"మిల్లోళ్లు వేరే కథ జెప్పిండ్రు. నేను ఇన్న. ఇని ఊకున్న. గదీ నేను చేసింది."

గోపిక అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. మంగయ్య ఫోను మోగి మోగి ఆగిపోయింది. ట్రాలీ చప్పుడుకు వినబడదు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. సాయంత్రం బిగిస్తారు. పొద్దున మిల్లు నడుస్తుంది. ఆమె చేతులతో చేసిన పన్నెండు, కొలతకు ఇసుమంత తేడా లేని పన్నెండు!

"నేను పోతున్న" అంది, గోడ మేకు నుంచి స్కూటీ తాళం తీసుకుంటూ. "ఇంకా పావుగంట గూడ కాలే. పన్నెండూ ఎనకకు తెస్త. మూలలు గుండ్రం చేసి మళ్ల కోస్త. మంగన్నకు ఎందుకో గూడ చెప్త. నువ్వు గూడ రావాలె మామా, ఆ చెప్పేది నీ నోటితోటే చెప్పాలె."

కాటయ్య తల ఊపాడు. చెప్పుల కోసం వంగిన మనిషి అలాగే ఆగిపోయాడు.

గుమ్మంలో సైదమ్మ నిలబడి ఉంది. సాయంత్రం గుంటలో పోద్దామని తెచ్చిన బిందె నడుం మీదనే ఉంది. ఎంతసేపటి నుంచి అక్కడుందో ఎవరూ చూడలేదు. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. పన్నెండేళ్లుగా దించుకున్న తల మాత్రం ఎత్తి, నేరుగా కాటయ్య కళ్లలోకి చూసి, నెమ్మదిగా అడిగింది.

"అయితే ఆ దినం మా ఆయన తాగలేదా, అన్నా?"